కరెంటు బిల్లు పెరగని ఏళ్లలో ఏం జరిగింది?

నమస్కారమండీ. నా చేతిలో ఉన్నది మా ఇంటి కరెంటు బిల్లు. కెమెరాకు దగ్గరగా పెడుతున్నా, చూడండి. సర్వీస్ నంబరు మీద బొటనవేలు అడ్డం పెట్టాను, ఏమీ అనుకోకండి, రోజులు బాగాలేవు.

పోయిన నెల మాది 196 యూనిట్లు. కింద కట్టాల్సిన మొత్తం దగ్గర సున్నా. గృహజ్యోతి పథకం కదా, తెల్ల కార్డు ఉన్న ఇంటికి 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. ఈ నెల 201. ఐదంటే ఐదు యూనిట్లు ఎక్కువ కాలాయి, బిల్లు వెయ్యి దాటింది. రెండు రోజులుగా మా అమ్మ ఫ్రిజ్ వంక దొంగను చూసినట్టు చూస్తోంది.

సరే, పథకాన్ని కాసేపు పక్కన పెడదాం. తెల్ల కార్డు లేని ఇల్లొకటి తీసుకోండి. తెలంగాణలో 2022లో వచ్చిన ధరల పట్టిక ప్రకారం 200 యూనిట్లు కాలిస్తే మొదటి వందకు యూనిట్ 3 రూపాయల 40 పైసలు, రెండో వందకు 4 రూపాయల 80 పైసలు. మొత్తం 820. అదే 201 అయిందనుకోండి, స్లాబు మారిపోతుంది. లెక్క మొదటి యూనిట్ నుంచి మళ్లీ మొదలవుతుంది. 200 వరకు 5 రూపాయల 10 పైసలు, పైన మిగిలిన ఆ ఒక్కదానికి 7 రూపాయల 70 పైసలు. మొత్తం 1,027 రూపాయల 70 పైసలు. స్థిర ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, యూనిట్‌కు 6 పైసల సుంకం, ఇవన్నీ వేరే. అంటే ఆ 201వ యూనిట్ ఒక్కటే మీకు 207 రూపాయల 70 పైసలు పడింది. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె గంట సేపు ఆడితే ఒక యూనిట్. నాలుగు చొక్కాలకు 207 రూపాయలు! దానికన్నా సందు చివర బండాయన దగ్గర ఇస్తే నయం.

మరి ఈ మెట్టు ఎవరు కట్టారు? 200 దగ్గరే ఎందుకు కట్టారు? మా వీధిలో నలుగురిని అడిగి చూశాను. ఒకాయన ముఖ్యమంత్రి అన్నాడు. ఒకావిడ కరెంటాఫీసు అంది. కిరాణా షాపాయన ఏది అడిగినా ఢిల్లీ అంటాడు, దీనికీ అదే అన్నాడు. నాలుగో ఆయన, "ఎవరు కడితే ఏంటి సార్, కట్టేది మనమే కదా" అన్నాడు. ఆయన మాట పూర్తిగా తప్పని అనలేను.

అసలు నిర్ణయించేది విద్యుత్ నియంత్రణ మండలి. అందరూ ఈఆర్‌సీ అంటారు. ఇది ఎక్కడి నుంచి ఊడిపడిందో చెప్పాలంటే పాతికేళ్లు వెనక్కి వెళ్లాలి.

ఆర్థిక సంస్కరణలు అనగానే మనకు 1991, పీవీ నరసింహారావు గుర్తొస్తారు. రూపాయి విలువ తగ్గించడం, బంగారం విదేశాలకు పంపి తాకట్టు పెట్టడం. మెహిదీపట్నం దగ్గర ఆయన పేరుతో ఉన్న ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి ఎయిర్‌పోర్టుకు పోతాం కాబట్టి ఆ పేరు మరిచిపోయే వీలు కూడా లేదు. కానీ ఆ సంస్కరణలు చాలావరకు ఫ్యాక్టరీల మీద, దిగుమతుల మీద, బ్యాంకుల మీద. మామూలు మనిషి ఇంట్లోకి నేరుగా వచ్చి మీటరు మీద కూర్చున్న సంస్కరణ మాత్రం తర్వాత వచ్చింది. కరెంటు సంస్కరణ.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1959 నుంచి విద్యుత్ బోర్డు ఉండేది. కరెంటు తయారు చేసేది అదే, తీగలు లాగేది అదే, బిల్లు కొట్టేది అదే, నష్టాలు మోసేది కూడా అదే. ధర ఎంతుండాలో మాత్రం రాజకీయం చెప్పేది. ఎన్టీఆర్ కాలంలో రైతు మోటారుకు హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయలు, అంతే. ఎన్ని గంటలు ఆడినా అంతే. మీటరుతో పని లేదు. ఈ ‘మీటరుతో పని లేదు’ అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

1998లో చంద్రబాబు ప్రభుత్వం విద్యుత్ సంస్కరణల చట్టం చేసింది. ఒడిశా అప్పటికే 1996లో మొదలుపెట్టింది, మనం ఆ వెనకే. 1999 ఫిబ్రవరి 1న బోర్డును రెండు ముక్కలు చేశారు. తయారీకి జెన్‌కో, సరఫరాకు ట్రాన్స్‌కో. అదే నెలలో ప్రపంచ బ్యాంకు ఈ పనికి 21 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. 2000 ఏప్రిల్‌లో ట్రాన్స్‌కో నుంచి నాలుగు పంపిణీ సంస్థలు వచ్చాయి. హైదరాబాద్, వరంగల్, తిరుపతి, విశాఖపట్నం. మనం డిస్కంలు అంటున్నవి ఇవే. వీటన్నిటి పైన ధరలు నిర్ణయించడానికి, ప్రభుత్వానికి సంబంధం లేకుండా ఒక స్వతంత్ర కమిషన్, ఇందాక చెప్పిన ఈఆర్‌సీ. కాగితం మీద చూస్తే ముచ్చటగా ఉంది.

2000 మే నెలాఖర్లో ఆ కమిషన్ మొదటి టారిఫ్ ఆర్డర్, అంటే ధరల ఉత్తర్వు, వచ్చింది. ధరలు పెరిగాయి.

అప్పుడు నేను డిగ్రీ రెండో సంవత్సరం, నారాయణగూడలో రూము. ఆ ఎండాకాలం, వానాకాలం అంతా ఊళ్లో ఎక్కడ చూసినా ధర్నాలే. బిల్లులు తగలబెట్టడం, సబ్‌స్టేషన్ల ముందు బైఠాయింపులు. వామపక్షాలు, కాంగ్రెస్ ఒక్కటై కూర్చున్నాయి. ఆగస్టు 28న ఛలో అసెంబ్లీ. బషీర్‌బాగ్ చౌరస్తాలో ముళ్లకంచెలు, నీళ్ల ఫిరంగులు, గుర్రాల మీద పోలీసులు, చివరికి కాల్పులు. బాలస్వామి, రామకృష్ణ, విష్ణువర్ధన్‌రెడ్డి. ముగ్గురు చనిపోయారు. ఇప్పటికీ ఏటా ఆ రోజు బషీర్‌బాగ్‌లో ఎర్రజెండాలు కనిపిస్తాయి, స్తూపం దగ్గర పూలు వేస్తారు. ఫ్లైఓవర్ మీద నుంచి పోయేవాళ్లకు కిందేం జరుగుతోందో కూడా తెలియదు. పదేళ్ల క్రితం మా మేనల్లుడు అడిగాడు, "మామా, కరెంటు బిల్లు కోసం మనుషుల్ని కాల్చారా?" అని. ఔన్రా అన్నాను. ఇంకేం చెప్పాలో తోచలేదు.

కాల్పులు జరిగిన ఆ చౌరస్తా నుంచి ఎల్బీ స్టేడియం నడిచి పోయేంత దూరం. నాలుగేళ్ల తర్వాత, 2004 మే 14న, ఆ స్టేడియంలోనే వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి మొదటి సంతకం పెట్టారు. దేని మీద? రైతులకు ఉచిత కరెంటు ఫైలు మీద. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఇటు తెలంగాణలో గానీ అటు ఆంధ్రలో గానీ ఏ పార్టీ ఆ సంతకాన్ని ముట్టుకునే సాహసం చేయలేదు. చంద్రబాబు సహా.

ఇంతవరకు కథ అందరికీ తెలిసిందే. పెంచారు, జనం తిరగబడ్డారు, ప్రభుత్వం పోయింది, ఉచితం వచ్చింది. టీవీ చర్చల్లో ఇక్కడికే ఆపేస్తారు. నాకు ఆసక్తి ఉన్నది ఆ సంస్కరణలో ఎవరూ పెద్దగా పట్టించుకోకుండా మిగిలిపోయిన ఒక చిన్న ముక్క మీద. బహిరంగ విచారణ.

అదేంటంటే, డిస్కం ధర మార్చాలన్నా, మార్చకుండా అదే ధర ఉంచాలన్నా, ఏడాది లెక్క మొత్తం కమిషన్ ముందు పెట్టాలి. ఎంత కరెంటు కొంటాం, ఎక్కడ కొంటాం, ఎంతకు కొంటాం, జీతాలెంత, తీగల్లో దారిలోనే పోయే కరెంటు, అదే లైన్‌లాస్, ఎంత, లోటెంత. దాన్ని ఏఆర్‌ఆర్ అంటారు, అంటే ఆదాయ అవసరాల లెక్క. పేపర్లో నోటీసు వేయాలి. ఎవరైనా సరే అభ్యంతరం రాయొచ్చు. ఎవరైనా అంటే నిజంగా ఎవరైనా. లాయరు అక్కర్లేదు. మీరు రాసిన ప్రతి ప్రశ్నకూ డిస్కం రాతపూర్వకంగా జవాబివ్వాలి. తర్వాత బహిరంగ విచారణలో మీరు లేచి మాట్లాడొచ్చు, డిస్కం పెద్దలు ఎదురుగా కూర్చుని వినాలి. చివర్లో ఇచ్చే ఆర్డర్లో మీ అభ్యంతరం, వాళ్ల జవాబు, కమిషన్ అభిప్రాయం, మూడూ ఒకదాని కింద ఒకటి అచ్చవుతాయి. దరఖాస్తు అందిన 120 రోజుల్లో తేల్చాలని 2003 విద్యుత్ చట్టం చెబుతోంది.

మీరే చెప్పండి, మనం కట్టే ధరల్లో ఇలా మనల్ని అడిగి పెంచేవి ఎన్ని? పెట్రోలు ధర పెంచేటప్పుడు మిమ్మల్ని అడిగారా? ఆర్టీసీ చార్జీ? రిజిస్ట్రేషన్ విలువలు? రాత్రికి రాత్రి నిర్ణయం వస్తుంది, పొద్దున్నే కడతాం. కరెంటుకు ఈ ఏర్పాటు ఉంది. ప్రపంచ బ్యాంకు షరతుల్లో భాగంగా వచ్చిందని నాకు తెలుసు. వచ్చిన దారి నాకూ నచ్చలేదు. కానీ వచ్చాక దాన్ని గట్టిగా పట్టుకున్నది మాత్రం మనవాళ్లే. ఎం. వేణుగోపాలరావు గారు, ఎం. తిమ్మారెడ్డి గారు, ఇలాంటి కొద్దిమంది ఇరవై ఏళ్లకు పైగా ఏటా ఆ వందల పేజీల ఫైళ్లు చదివి, ఈ ప్లాంటుకు గ్యాస్ లేకపోయినా స్థిర ఛార్జీ ఎందుకు కడుతున్నారు, ఈ యూనిట్ ఇంత ధరకు ఎందుకు కొంటున్నారు అని అడుగుతూనే వచ్చారు. వాళ్ల పేర్లు మన చానల్ చూసేవాళ్లలో ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే.

నేనొకసారి వెళ్లాను. రెడ్‌హిల్స్‌లో ఫెడరేషన్ హౌస్‌లో. పరిశ్రమల తరఫున సూట్లు వేసుకున్నవాళ్లు, రైల్వే తరఫున ఒకాయన, వెనక వరసల్లో కండువాలు. ఒక పెద్దాయన లేచాడు. ఏ జిల్లానో చెప్పను. "సారూ, మా కాడ ట్రాన్స్‌ఫార్మర్ కాలితే మేమే చందాలేసుకుని, మేమే ట్రాలీ ఆటో మాట్లాడి రిపేరుకు మోస్కపోతున్నం. మల్ల అది ఎవరి ఆస్తి? మాదా, మీదా? మాదైతే రాసియ్యిండ్రి" అన్నాడు. హాలంతా నవ్వింది. సమాధానం చెప్పాల్సిన ఇంజినీరు మాత్రం నవ్వలేదు. తరలింపు బాధ్యత సంస్థదే అని మైకులో ఒప్పుకున్నాడు, సిబ్బందికి మళ్లీ ఆదేశాలిస్తామన్నాడు. ఇచ్చారో లేదో దేవుడికెరుక. కానీ ఆ ఒప్పుకోలు రికార్డులో ఉంది. మర్నాడు ఆ పెద్దాయన వాళ్ల ఊరి కరెంటు ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీరు, దగ్గరికి ఆ కాగితం పట్టుకుపోవచ్చు. 

ఇక అసలు సంగతికి వస్తాను.

2018-19 టారిఫ్ ఆర్డర్ తర్వాత, తెలంగాణలో కొన్నేళ్ల పాటు ఈ వార్షిక ప్రతిపాదనలు సమయానికి రాలేదు. ఏడాదికేడాది పాత ధరలే కొనసాగాయి. పైగా 2019లో చాలా నెలలు కమిషన్లో చైర్మన్ కుర్చీయే ఖాళీ. మనకు ఎలా అనిపించింది? హాయిగా అనిపించింది. బిల్లు పెరగలేదు కదా! నేను కూడా హాయిగానే ఉన్నాను, అబద్ధం చెప్పను. కానీ ప్రతిపాదన రాకపోతే నోటీసు రాదు. నోటీసు లేకపోతే విచారణ లేదు. రెడ్‌హిల్స్ హాలుకు తాళం. ట్రాన్స్‌ఫార్మర్ ఎవరిదని అడిగే పెద్దాయనకు మైకు లేదు. డిస్కం సకాలంలో రాకపోతే కమిషనే సొంతంగా విచారణ మొదలుపెట్టాలని విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్ 2011 నవంబర్లోనే తీర్పు చెప్పింది. మొదలుపెట్టడానికి కుర్చీలో మనిషి ఉండాలిగా మరి.

ఆ తర్వాత 2022 ఏప్రిల్ నుంచి కొత్త ధరలు వచ్చాయి. ఇందాక చెప్పిన ఇస్త్రీ పెట్టె లెక్క అప్పటిదే. 2023 డిసెంబర్లో ప్రభుత్వం మారింది, 21వ తేదీన అసెంబ్లీలో విద్యుత్ రంగం మీద శ్వేతపత్రం పెట్టారు. విద్యుత్ సంస్థల అప్పు 81,516 కోట్లు. డిస్కంల పేరుకుపోయిన నష్టం 62,461 కోట్లు. ప్రభుత్వ శాఖలే డిస్కంలకు బాకీ ఉన్నది 28,673 కోట్లు, అందులో పెద్ద వాటా ఎత్తిపోతల పథకాలది. మీరూ నేనూ ఒక నెల కట్టకపోతే ఏమవుతుంది? లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీక్కుపోతాడు. ఆ ఫ్యూజు సెక్రటేరియట్‌కు ఉండదు కాబోలు.

కొత్త ప్రభుత్వం పెట్టిన శ్వేతపత్రం కాబట్టి అందులో రాజకీయం లేదని నేను అనను. అవతలివాళ్ల మాటలోనూ నిజం ఉంది. 2014కు ముందు పరిశ్రమలకు పవర్ హాలిడేలు, ఊళ్లలో రాత్రి రెండు గంటలకు మోటారు వేయడానికి లేచిన రైతులు, పాముకాట్లు. విభజనలో తెలంగాణకు 53.89 శాతం కరెంటు ఇచ్చినా అవసరానికి చాలలేదు. అక్కడి నుంచి 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల ఉచిత సరఫరా దాకా వచ్చారు. అప్పు చేశాం, ఆస్తులు కట్టాం అంటారు. కట్టారు కూడా, దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి ప్లాంటు కళ్లముందే ఉంది. నా గొడవ అది కాదు. అంత అప్పు పేరుకుంటున్న ఆ ఏళ్లలో ఏటా విచారణ జరిగి ఉంటే, ఆ లెక్కలు ఏటా మనముందు ఉండేవి. మొత్తం పేరుకున్నాక, ఎన్నికలయ్యాక, ఒకే రోజు పుస్తకం వేసి చూపిస్తే ఏం చేస్తాం? తిట్టుకుంటాం. ఛత్తీస్‌గఢ్ నుంచి కరెంటు కొనుగోళ్ల మీద, యాదాద్రి, భద్రాద్రి ప్లాంట్ల మీద 2024లో విచారణ కమిషన్ వేశారు. అది వేరే వీడియో.

బషీర్‌బాగ్ నుంచి మన నాయకులు నేర్చుకున్నదేమిటో నాకు ఇప్పుడు అర్థమవుతోంది. ధర పెంచితే జనం రోడ్డెక్కుతారు. పెంచకపోతే ఎవరూ హాలుకు కూడా రారు.

దీనికి మందు చట్టంలోనే ఉంది. 2003 చట్టం 65వ సెక్షన్. ప్రభుత్వం ఎవరికైనా కరెంటు తక్కువకు గానీ ఉచితంగా గానీ ఇవ్వదలుచుకుంటే ఇవ్వొచ్చు, తప్పేం లేదు. కాకపోతే ఆ డబ్బు డిస్కంకు ముందుగా కట్టాలి. ముందుగా అన్న మాట చట్టంలో ఉంది, నేను కలిపింది కాదు. రైతుకు ఉచితం అంటే ఆ డబ్బు బడ్జెట్ నుంచి రావాలి. మా అమ్మకు జీరో బిల్లు అన్నా అంతే. కట్టకపోతే? డిస్కం అప్పు తెస్తుంది. అప్పుకు వడ్డీ. వడ్డీ కొన్నేళ్లకు ట్రూ-అప్ (పాత లోటును తర్వాత వసూలు చేయడం) అనో, సర్దుబాటు ఛార్జీ అనో పేరు మార్చుకుని బిల్లులో దిగుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో ఇంధన సర్దుబాటు ఛార్జీలు గుర్తున్నాయా? ఎప్పుడో కాల్చిన కరెంటుకు తర్వాత వసూలు. పాత కిరాయిదారు ఏసీ వేసుకుని పడుకుంటే కొత్తగా దిగినవాడు డబ్బులు కట్టాడు. ఓనర్‌తో గొడవ పడని కిరాయిదారు హైదరాబాద్‌లో లేడు ఆ రోజుల్లో.

మీటరు సంగతి చెబుతానన్నాను కదా. తెలంగాణలో పాతిక లక్షలకు పైగా వ్యవసాయ కనెక్షన్లున్నాయి. వాటికి మీటర్లు లేవు. మరి రైతులు ఎంత కాల్చారో ఎలా తెలుస్తుంది? అంచనా. మొత్తం వచ్చిన కరెంటులోంచి మీటరున్నవాళ్ల లెక్క తీసేసి, మిగిలినదాన్ని కొంత రైతు ఖాతాలో, కొంత లైన్‌లాస్ ఖాతాలో రాస్తారు. ఎవరి ఖాతాలో ఎంత రాయాలన్నది రాసేవాడి చేతిలో ఉంటుంది. కొక్కేలు తగిలించి ఎక్కడో దొంగతనం జరిగినా, అది కూడా రైతు పద్దులోకే పోవచ్చు. సంస్కరణలు మొదలైన కొత్తలో పాత బోర్డు లెక్కలు తిరగేస్తే, లైన్‌లాస్ అంతకుముందు చెప్పిన దానికన్నా బాగా ఎక్కువని బయటపడింది ఇందుకే. రైతు పేరు చెప్పి ఎంత దాచారో!

అందుకని రైతు మోటారుకు మీటరు పెట్టాలా? ఆ మాట అంటే ఊళ్లో చెట్టుకు కట్టేస్తారు. కేంద్రం 2020 తర్వాత రాష్ట్రాల అదనపు అప్పులకు ఇలాంటి షరతులు పెట్టింది. ఆంధ్రప్రదేశ్ శ్రీకాకుళంలో మీటర్లు పెట్టి చూసింది, తెలంగాణ ససేమిరా అంది. రైతు భయం నాకు అర్థమవుతుంది. ఇవాళ మీటరు, రేపు బిల్లు. పాతికేళ్ల కింద చూశారు కాబట్టి నమ్మరు. నాకు తోచేది ఒకటే, రైతు జోలికి పోవద్దు, ట్రాన్స్‌ఫార్మర్‌కు పెట్టండి మీటరు. పది మోటార్లకు ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉందనుకుంటే, అక్కడ ఎంత వచ్చిందో తెలిస్తే చాలు. రైతుకు పైసా బిల్లు రాదు, కానీ రైతు పేరు మీద ఎవరు ఏం దాచుకుంటున్నారో తెలుస్తుంది. కష్టమైన ఇంజినీరింగేమీ కాదు. అయినా సాగదు. లెక్క తేలితే ఇబ్బంది రైతుకు కాదు కదా.

విచారణకు పోతే ఏం ఒరుగుతుంది అంటారా? 2024లో డిస్కంలు ఒక ప్రతిపాదన తెచ్చాయి. నెలకు 300 యూనిట్లు దాటిన ఇళ్లకు స్థిర ఛార్జీ కిలోవాట్‌కు 10 రూపాయల నుంచి 50కి పెంచాలని. అక్టోబర్లో విచారణలు జరిగాయి, అభ్యంతరాలు గట్టిగానే వచ్చాయి. 300 దాటిన ప్రతి ఇంటి మీదా వేయడానికి కమిషన్ ఒప్పుకోలేదు. ఎండాకాలం ఒక్క ఏసీ ఉన్న ఇల్లు 300 దాటుతుంది. ఆ నెల మీ బిల్లు ఇంకా పెరగలేదంటే, ఎవరో హాల్లో నిలబడి మాట్లాడారు కాబట్టి. ఆ సంగతి మీకు తెలియదు.

ఈసారి నోటీసు పేపర్లో పడగానే నేనూ ఒకటి రాస్తున్నాను. పెద్దగా ఏం లేదు, ఒక్కటే ప్రశ్న. జీరో బిల్లుల తాలూకు సబ్సిడీ ప్రభుత్వం డిస్కంకు ఏ నెలది ఏ తారీఖున కట్టింది, ఎంత బాకీ ఉంది, నెలవారీగా చెప్పండి. ఇంతే. మా అమ్మ పేరు మీదే సర్వీసు ఉంది కాబట్టి ఆమె సంతకంతోనే పంపిస్తా. "నన్నెందుకురా ఇందులోకి లాగుతావు, ఉన్న సున్నా కూడా పోతుందేమో" అని ఒకటే భయపడుతోంది. పోదమ్మా అని చెప్పాను. పూర్తిగా నమ్మలేదు. కాగితాలు కాపీలు తీయించాను, నాలుగు తీయించాను, ఒకటి ఎప్పుడూ పోతుంది.

జవాబు వచ్చిన రోజు ఈ కుర్చీలోనే కూర్చుని చదివి వినిపిస్తాను. రాకపోతే ఆ సంగతీ చెబుతాను. ఉంటానండీ.